మచ్చా, మనిషా

1972లో మా పెరట్లో తీసిన బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌ని స్కాన్ చేస్తే పెద్దమ్మల ముఖాలు అలికేసినట్టు వచ్చాయి. ఫిల్మే పాడైందనుకున్నాను. కాదు, సాఫ్ట్‌వేర్‌లో దుమ్మూ గీతలూ చెరిపే 'డిజిటల్ ఐస్' ఆన్‌లో ఉంది. దాని పరారుణ కాంతి కలర్ ఫిల్ములోని రంగుల్ని దాటిపోతుంది, దుమ్ము దగ్గర ఆగుతుంది. బ్లాక్ అండ్ వైట్‌లో బొమ్మే వెండి. వెండి కూడా ఆ కాంతిని ఆపుతుంది. ముఖాల్నే మచ్చలుగా లెక్కగట్టింది యంత్రం!

ఐస్ ఆపి, దుమ్ము ఊది, ఫ్రేము అంచులదాకా మళ్ళీ స్కాన్ చేశాను. ఆల్బమ్ ప్రింటులో స్టూడియోవాళ్ళు కత్తిరించేసిన కింది అంచున ఫొటో తీసిన మనిషి నీడ, గాలికెగిరిన పైటచెంగు. మామయ్య తీశాడని ఇన్నాళ్ళూ చెప్పుకున్న ఫొటో అది. ఫొటో జర్నలిస్టు హొమాయ్ వ్యారావాలా తొలి ఫొటోలూ భర్త పేరుతోనే అచ్చయ్యాయి.

అమ్మకి చూపించాను. "నేనే తీశానని ఎన్నిసార్లు చెప్పానే" అంది.