కడపటి దినములలో సంగీతము

పరీక్షిన్మహారాజు తనకు ఏడు దినములే మిగిలినవని తెలిసికొని గంగాతీరమున కూర్చుండిన కథ మీరెల్లరు ఎరిగినదే. ఆయనకు భాగవతము వినిపించినవాడు శుకమహర్షి యని చెప్పుకొందుము. కాని, మరణము దగ్గరపడిన మానవుడు ఏమి వినవలెనని అడిగినవాడు పరీక్షిత్తే. ఆయన అడిగిన పిమ్మటనే శుకుడు నోరు విప్పెను. ఈ చిన్న విషయమును మనసున నుంచుకొని నా ప్రసంగమును ఆలకింప గోరుచున్నాను.

రోగులకు సంగీతము వినిపించుట క్రొత్త సంగతి కాదు. తుర్కీ దేశమున ఎడిర్నే పట్టణములో సుల్తాను రెండవ బయజీదు కట్టించిన వైద్యశాల 1488 వ సంవత్సరమున పూర్తియైనది. పదునేడవ శతాబ్దిలో దానిని చూచిన ఎవ్లియా చెలెబీ యను యాత్రికుడు అచ్చటి పద్ధతిని తన గ్రంథమున వర్ణించెను. పదిమంది సంగీతజ్ఞులు అచ్చట నియమింపబడిరట. వారిలో ముగ్గురు పాడువారు, ఏడుగురు వాద్యములు వాయించువారు. వారమునకు మూడు మారులు రోగుల యెదుటను, మతి చెడినవారి యెదుటను కచేరి జరుగుచుండెను. ఆ కట్టడము నేడు వైద్యచరిత్ర ప్రదర్శనశాలగా నున్నది. అయితే ఆ కచేరి అందరికిని కలిపి జరిగినది. జబ్బు కుదుర్చుట దాని యుద్దేశము. జబ్బు కుదురదని తేలినవాని మాట వేరు.

అట్టివానికి ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు మన కాలపు సమాధానము లండను నగరమున ఒక రోగి మంచము కడ మొలకెత్తినది. 1948 వ సంవత్సరమున సిసిలీ సాండర్సు అను నామె ఆసుపత్రి రోగుల మంచిచెడ్డలు విచారించు ఉద్యోగములో నుండెను. డేవిడ్ టాస్మా యను పోలండు దేశపు యూదుడు రాచపుండుతో మరణావస్థలో నుండెను. అతడు స్వదేశమునకు దూరమైన ఒంటరివాడు. తనకు ఊరట కలుగునట్లు ఏదైన చెప్పుమని అతడొకనాడు అడుగగా ఆమె తనకు కంఠస్థమైన దేవుని కీర్తన నొకదానిని వినిపించెను. పుస్తకము తెచ్చి చదువుదునా యని యడుగగా అతడు వలదనెను. ఆమె మనసులోను హృదయములోను ఉన్నదే తనకు కావలెననెను. పోవుచు పోవుచు అతడామెకు 500 పౌనులు విడిచెను. ఆమె పిదప వైద్యవిద్య నేర్చి, పందొమ్మిది ఏండ్లు పాటుపడి, 1967 లో సెయింట్ క్రిస్టఫర్సు హాస్పిసును తెరచెను. ఆయువు తీరవచ్చినవారికి నొప్పి తగ్గించి, వారిని ఆదరముతో చూచుకొను గృహములకు హాస్పిసులని పేరు.

ఆమె మార్గమును చూచి వచ్చిన బాల్ఫర్ మౌంటు అను వైద్యుడు 1975 లో కెనడా దేశపు మాంట్రియల్ నగరమున, రాయల్ విక్టోరియా ఆసుపత్రిలో అట్టి రోగులకొక విభాగమును స్థాపించెను. సుసాన్ మన్రో యను సంగీతచికిత్సకురాలు అచ్చట పనిచేసెను. వీరిరువురును కలిసి 1978 లో కెనడా వైద్యసంఘపు పత్రికలో ప్రకటించిన వ్యాసము ఈ విద్యకు తొలి ఆధారములలో నొకటి. ఎడిర్నేలో అందరికి ఒక కచేరి. ఇచ్చట ఒక్కొక్కనికి ఒక్కొక్క పాట. చరిత్రలో వచ్చిన పెద్ద మార్పు ఇదియే.

ఈ విద్య నెరిగినవారు రోగిని చూడగనే పాట నెత్తుకొనరు. మొదట విచారింతురు. మాతృభాష యేది? బాల్యమున ఏమి వినెను? పెండ్లినాడు ఏ మేళము వాయించిరి? ఏ పాట వినిన దుఃఖము పొంగును? రోగి పలుకలేనిచో ఇంటివారిని అడుగుదురు. రోగి వినజాలక చేయి కదల్చిన వెంటనే ఆపుదురు. మౌనమే కావలెనన్నవానికి మౌనమే ఇత్తురు.

యంత్రమున పాట వినిపింపవచ్చును. అందును మేలు కలదు. కాని యంత్రమునకు కన్నులు లేవు. ఎదుట కూర్చుండి పాడువాడు రోగి శ్వాసను గమనించును. శ్వాస వడిగా నున్నచో ఆ వడినే అందుకొని, క్రమక్రమముగా లయను విలంబితము చేయును. పెక్కుమారులు శ్వాసయు దానితో కూడ నెమ్మదించును. ఇందుకు గొప్ప విద్వాంసుడే కావలెనని లేదు. అమెరికాలో 2000 వ సంవత్సరమున కాలిఫోర్నియా రాష్ట్రమున మొదలైన త్రెషోల్డ్ క్వయర్ అను గాయకబృందములవారు ఇరువురు ముగ్గురుగా మంచము ప్రక్కన చేరి, సన్నని గొంతుతో పాడుచుందురు.

ఇందు అతిశయోక్తి పనికిరాదు. సంగీతము మరణమును ఆపదు. నొప్పికి మందు మానిపించునదియు కాదు. 2010 లో పండితులు ఐదు పరిశోధనలను, 175 మంది రోగుల విషయమును సమీక్షించి, ఇందువలన మేలు కలుగవచ్చుననియు, గట్టి నిదర్శనము ఇంకను చాలదనియు తేల్చిరి. అయితే, 2020 లో కెనడాలోని వాంకూవరు నగరమున జరిగిన పరీక్షలో, స్పృహ తప్పిన రోగులలో కొందరి మెదడు మరణమునకు కొలది గంటల ముందును శబ్దములకు స్పందించినట్లు కనబడినది. కావున పలుకనివాడు వినడని తలంపరాదు.

మన దేశమున తొలి హాస్పిసు 1986 లో బొంబాయి నగరమున వెలసిన శాంతి ఆవేదనా సదనము. కాని మన గ్రామములలో పెక్కుమంది తమ ఇంటి పంచలోనే కన్ను మూయుదురు. కనుక ఈ పని ముందుగా మన చేతిలోనిదే.

ఒక్క మాట చెప్పి ముగింతును. 1974 లో దివంగతులైన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు పాడిన భగవద్గీతను మనవారు చావు జరిగిన ఇండ్లయందు వినిపించుచున్నారు. దూరమునుండి అది వినబడిన, ఎవరు పోయిరని అడుగుట మనకు అలవాటైనది. ఆ గానము మహత్తరమైనది. అయినను ఇంకను ప్రాణముతో నున్న వృద్ధుని చెవిలో దానిని చెప్పాచేయక మ్రోగించినచో, నన్ను సాగనంపుచున్నారా యని ఆయన బెదరిపోవచ్చును. అదే ఆయన కోరికయైనచో తప్పక వినిపింపుడు. లేదా ఏతాము పాటయో, వీథినాటకములోని పద్యమో, తల్లి పాడిన జోలపాటయో ఆయన మనసున ఉండవచ్చును. అడిగిననే గాని తెలియదు.

మాట పడిపోకముందే అడుగుడు. మీరును మీ బిడ్డలకు నేడే చెప్పియుంచుడు.