లిథియం ఖాళీ చేసిన చోటు

ఇంగువ పోయినా, కట్టిన గుడ్డకి వాసన పోదంటారు. పాత వైభవం తలుచుకుంటూ బతికేవాళ్ల మీద వేసే మాట. నాకు మాత్రం ఈమధ్య ఆ మాట వింటే ఒక మాంగనీస్ ఆక్సైడ్ గుర్తొస్తోంది.

ముందు సమస్య చెప్తాను. లిథియం కార్బొనేట్ తయారీలో చివరి అంచె, లిథియం ద్రావణంలో సోడా యాష్ కలిపి వేడిచేయడం. తెల్లటి పొడి అడుగుకి దిగుతుంది. కానీ మొత్తం దిగదు. మరిగే నీళ్లలో కూడా లీటరుకి 7 గ్రాముల దాకా కార్బొనేట్ కరిగే ఉంటుంది, చల్లటి నీళ్లలో అయితే 13. అంటే వడకట్టేశాక మిగిలిన ఆ క్షార ద్రవంలో, సోడియం గుంపు మధ్యన, కొంత లిథియం చిక్కుకుపోతుంది. ఇగరబెట్టి తీద్దామంటే ఇంధనం ఖర్చు. పైగా సోడియం లవణాలూ వెంట వస్తాయి.

దీనికి జవాబు వేరే పని చేస్తుంటే దొరికింది. 1981లో యూనియన్ కార్బైడ్ పరిశోధకుడు జె.సి. హంటర్ లిథియం మాంగనీస్ ఆక్సైడ్‌ని ఆమ్లంలో ఉంచాడు. (భోపాల్ వల్ల మనకి మరోలా గుర్తున్న కంపెనీ. ఎవరెడీ బ్యాటరీలూ అప్పట్లో దానివే.) లిథియం బయటికొచ్చేసింది, స్ఫటికం మాత్రం కూలిపోలేదు. లోపల సరిగ్గా లిథియం పట్టేంత ఖాళీలు మిగిలాయి. లిథియం అయాన్ వ్యాసార్ధం 0.76 ఆంగ్‌స్ట్రామ్‌లు, సోడియంది 1.02. పెద్దది ఆ గదిలో ఇమడదు.

ఆ ఖాళీల్ని రెండు వర్గాలు రెండు రకాలుగా చదివాయి. 1983లో థాకరే, గుడ్‌ఇనఫ్ బృందం వాటిలో బ్యాటరీ ఎలక్ట్రోడ్‌ని చూసింది. 1986లో జపాన్‌లోని షికోకు దీవిలో ఊయి బృందం అదే కుటుంబానికి చెందిన పదార్థాన్ని సముద్రంలోకి దింపింది. లీటరు సముద్రపు నీటిలో ఉండే లిథియం 0.17 మిల్లీగ్రాములే. 2001 నాటికి మెరుగుపరిచిన రకం గ్రాముకి 40 మిల్లీగ్రాముల దాకా పట్టింది.

ఇక్కడే ఫ్యాక్టరీ ద్రవం కథలోకి వస్తుంది. ఈ మెరుగైన రకాల్లో, ఆమ్లంతో కడిగినప్పుడు లిథియం సీట్లో హైడ్రోజన్ కూర్చుంటుంది. మళ్లీ లిథియం రావాలంటే అది లేవాలి. లేచిన హైడ్రోజన్ మామూలు ఉప్పునీటిని ఆమ్లంగా మార్చేస్తుంది, దాంతో పని మందగిస్తుంది. క్షారంలో అలా కాదు. హైడ్రాక్సైడ్ దాన్ని అక్కడికక్కడే పట్టుకుని నీరు చేసేస్తుంది. పారబోయడానికి తలనొప్పి అనుకున్న క్షారమే లిథియాన్ని లోపలికి తోస్తుందన్నమాట.

అయితే మెత్తటి పొడిని గొట్టంలో నింపితే నీళ్లు పారవు. అందుకే పాలిమర్‌తో కలిపి రంధ్రాలున్న గుళికలుగా చేస్తారు. రంధ్రాలు తక్కువైతే ద్రవం లోపలిదాకా చేరదు, ఎక్కువైతే గుళిక చిట్లుతుంది. జిగురు మరీ ఎక్కువైతే సీట్లే మూసుకుపోతాయి.

అసలు బేరం మాత్రం ఆమ్లంతోనే. పట్టిన లిథియాన్ని విడిపించిన ప్రతిసారీ కొంచెం మాంగనీస్ కూడా కరిగిపోతుంది. జల్లెడ తన జ్ఞాపకాన్ని కొద్దికొద్దిగా పోగొట్టుకుంటుంది. పరిశోధనా పత్రాలు గొప్పగా చెప్పుకునేది మొదటిసారి ఎంత పట్టిందో. ఫ్యాక్టరీ అడిగేది వందోసారి ఎంత పడుతుందో. ఇంగువ గుడ్డయినా ఎన్ని ఉతుకులకి ఆగుతుంది?