ఫ్యూజు పెట్టె కథ



మద్దిలపాలెంలో మా పాత ఇంట్లో గీజరు వేసి ఇస్త్రీపెట్టె పెడితే చాలు, ఫ్యూజు పోయేది. విసిగిపోయి ఓసారి ఎవరినో పిలిచి లావుపాటి రాగితీగ చుట్టించేశాం. ఆ తర్వాత ఫ్యూజు పోతే ఒట్టు! పీడ విరగడైందనుకున్నాను. ఒక తెల్లవారుజామున స్విచ్‌బోర్డు వెనకనుంచి కాలిన వాసన వస్తే అప్పుడు తెలిసింది, ఇంటి కాపలావాణ్ణే వెళ్లగొట్టుకున్నామని.

ఫ్యూజు అంటే ఏమిటండీ? మోతాదుకు మించి కరెంటు పారినప్పుడు, గోడలోని వైరు కాలేలోపే తాను కరిగిపోయి దారి తెంచేసే సన్నని తీగ. 1890లో ఎడిసన్ ఇలాంటి ఫ్యూజుకి పేటెంటు తీసుకున్నాడు. కాలిపోవడమే దాని ఉద్యోగం. లావుతీగ కాలదు, ఇల్లే కాలుతుంది.

మన వైపు 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ప్రారంభమైంది. 1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. ఆ రోజుల్లో మామూలు ఇంట్లో ఉండేవి నాలుగు దీపాలు, ఓ ఫ్యాను, మహా అయితే ఓ రేడియో. 60 వాట్ల బల్బుకి కావలసింది పావు ఆంపియరు. 5 ఆంపియర్ల ఫ్యూజుకి అదేం బరువు? తర్వాత మిక్సీ వచ్చింది, ఫ్రిజ్ వచ్చింది, గీజరు వచ్చింది. 2000 వాట్ల గీజరు ఒక్కటే సుమారు 9 ఆంపియర్లు లాగుతుంది. అంటే 33 బల్బుల పెట్టు! వస్తువులు మన కాలానివి, పెట్టె మాత్రం మామగారి కాలానిది.

మేం పిలిచిన ఎలక్ట్రీషియను మూత తీసి చూపించాడు. సముద్రపు గాలికి స్క్రూలు తుప్పుపట్టి వదులయ్యాయి. వదులైన చోటే వేడి పుడుతుందట. "పెట్టె ఒక్కటీ మారిస్తే చాలదమ్మా, వైరు కూడా చూడాలి. సన్నవైరుకి పెద్ద ఎంసీబీ పెట్టినా, మీరు లావుతీగ చుట్టినా ఒకటే" అన్నాడు.

ఈ ఎంసీబీ 1924లో జర్మనీలోని మాన్‌హైమ్‌లో పుట్టింది. దానంతట అదే పడిపోతుంది, కారణం చూసుకుని మళ్లీ లేపుకోవచ్చు. అయితే అది కాపాడేది వైరునే. మనిషి ప్రాణం తీయడానికి ఆంపియరులో పదో వంతు చాలు. ఆ కాస్తకి ఫ్యూజూ కరగదు, ఎంసీబీ కూడా పడదు. అందుకే పక్కన 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించుకోవాలి. వెళ్లిన కరెంటు సరిగ్గా తిరిగి రాకపోతే అది క్షణంలో ఆపేస్తుంది. దాని మీదున్న టెస్టు బటన్ అప్పుడప్పుడు నొక్కి చూసుకోండి.

లైసెన్సు ఉన్నవాణ్ణే పిలవండి. వైరుకి ఎంత సైజు ఎంసీబీ పెడుతున్నాడో, ఎర్త్ సరిగా ఉందో లేదో అడగండి. మీటరు సీలు మాత్రం ముట్టుకోనివ్వకండి, అది కరెంటు సంస్థ వారి పని. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? ఉప్పుడబ్బా ఎక్కడుందో తెలిసినట్టే మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఇంటిల్లిపాదికీ తెలియాలి.

కొత్త పెట్టె పెట్టిన వారానికే ఓసారి ఎంసీబీ టప్పున పడింది. ఈసారి నేను విసుక్కోలేదు. కాపలావాడు మేలుకునే ఉన్నాడనుకున్నాను.