గోడమీది పద్దు

కృష్ణా డెల్టాలోని ఒక గ్రామమున, మా అమ్మమ్మగారి గొడ్లసావిడిలో, ఉత్తరపు గోడమీద పదునైదేండ్లపాటు బొగ్గుగీతలుండెడివి. గీత యొకటికి అణా. పదునారు గీతలైన పిమ్మట వాని చుట్టు ఒక గడి గీసెడివారు, అది రూపాయి. పాలు కొలిచి పట్టణములోని కాఫీ హోటలుకు పంపగా వచ్చిన డబ్బులో ఉప్పుపప్పులకు పోయినది పోగా మిగిలినదే ఆ గీత. నేను పుట్టునాటికి ఆ గోడ లేదు. ఇదంతయు మా తల్లి చెప్పగా విన్నది. గీత గీయు హక్కు ఎవరిదను విషయమున ఆమెకును ఆమె అన్నకును నిత్యము తగవు జరిగెడిదట. దీపావళినాడు మాత్రము గీత ఉండదు. ఆనాటి అణాకు టపాకాయలు వచ్చెడివి. ఆ ఒక్క మినహాయింపు లేనిచో పిల్లలు తక్కిన దినములందు పాలు త్రాగుట మాని ఊరకుండెడివారు కారని మా అమ్మమ్మ ఎరుగును.

ఆ అప్పు 1926లో మా తాతగారి చెల్లెలి పెండ్లికై చేసిన నాలుగు వందల రూపాయలు. ప్రోనోటుపై సంతకము తాతగారిది. గోడమీది గీతలు అమ్మమ్మవి. మన దేశమున ఋణముల చరిత్ర వ్రాసినవారందరును దాదాపుగా కాగితమును చూచి వ్రాసినవారే. గోడవైపు నుండి చూచినచో ఆ చరిత్ర ఎట్లుండునో కొంత మనవి చేయుదును.

మన ధర్మశాస్త్రములు వ్యవహారములను పదునెనిమిదిగా విభజించి, వానిలో మొదటి స్థానమును ఋణాదానమునకే యిచ్చినవి. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను పదుమూడవ శతాబ్దమున కేతన తెనిగించి విజ్ఞానేశ్వరీయమను పేర మనకిచ్చెను. అనగా అప్పుల న్యాయము ఏడు వందల యేండ్లకు పూర్వమే తెలుగున పద్యములలో చదువదగినదై యుండెను. ఆ స్మృతి ప్రకారము తాకట్టు గల అప్పునకు నెలకు ఎనుబదియవ వంతు వడ్డీ. అనగా సాలుకు నూటికి పదునైదు. తండ్రి చేసిన అప్పు కుమారుడు తీర్పవలెను. అయితే తండ్రి త్రాగుడునకో, జూదమునకో, కామమునకో చేసిన అప్పైనచో తీర్పనక్కరలేదు. భర్త చేసిన అప్పును భార్య తీర్పనక్కరలేదు. తాను ఒప్పుకొన్నదియు, భర్తతో కలసి చేసినదియు, తాను స్వయముగా చేసినదియు మాత్రమే ఆమెకు అంటును.

ఈ కడపటి సూత్రము నాకు మిక్కిలి వింతగా తోచును. శాస్త్రము ఎవరిని విడిచిపెట్టెనో, ఇంటిలో ఆ అప్పును అణా అణాగా తీర్చినది ఆమెయే. కుమారుని విషయము శాస్త్రము చెప్పినట్లే చిరకాలము సాగెను. తండ్రి ఋణమునకు కుమారుడు, మనుమడు, మునిమనుమడు ధర్మముచేత బద్ధులను సూత్రమును ఆంగ్లేయుల న్యాయస్థానములు కుటుంబపుటాస్తి మేరకు అంగీకరించి అమలు జరిపెను. దానిని తొలగించినది 2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టము. అదియు ఆ సంవత్సరము సెప్టెంబరు 9వ తేదీకి పూర్వపు అప్పులను విడిచి, అటుపిమ్మటి వానికే వర్తించును.

ఇక కాగితము సంగతి. 1859లో వచ్చిన కాలదోష చట్టము, రిజిస్టరు కాని సామాన్యపు చేబదుళ్లకు మూడేండ్ల గడువు పెట్టెను. ఆలోగా దావా వేయనిచో అప్పు చెల్లదు. రైతునకు మేలు చేయవలెనని ఉద్దేశించిన చట్టమిది. జరిగినది వేరు. గడువు దగ్గరపడగానే షావుకారు కాగితము తిరుగవ్రాయుమనును; పేరుకొన్న వడ్డీ అసలులో కలియును. లెక్క చూడుడు. నూరు రూపాయల అప్పు, నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ. మూడేండ్లకు వడ్డీ 72 రూపాయలు. తిరుగవ్రాసిన కాగితములో అసలు 172. ఆరేండ్లకు 295 రూపాయల 13 అణాలు. తొమ్మిదేండ్లకు 508 రూపాయలు దాటును. ఈ నడుమ ఇంటిలోనికి క్రొత్తగా వచ్చినది చిల్లిగవ్వయు లేదు.

1875 మే 12వ తేదీన పూనా జిల్లాలోని సూపా గ్రామమున రైతులు షావుకార్ల ఇండ్లపై బడినపుడు వారు వెదకినవి బంగారమును ధాన్యమును గావు, అప్పు కాగితములు. దొరికిన వానిని తగులబెట్టిరి. ఆ అల్లరి అహమ్మదునగరు జిల్లాకును వ్యాపించెను. నాలుగేండ్లకు దక్కను వ్యవసాయదారుల సహాయ చట్టము వచ్చెను. మన జిల్లాలలో అంతటి మంటలు లేవలేదు గాని, కాగితములు అవే, గడువులు అవే. చెన్నపట్టణపు ప్రభుత్వము 1892లో ఫ్రెడరిక్ నికల్సను అను అధికారిని ఈ విషయము విచారింప నియమించెను. ఆయన 1895లోను 1897లోను రెండు సంపుటములుగా నివేదిక యిచ్చి, జర్మనీలో రైఫైజను నెలకొల్పిన గ్రామ పరపతి సంఘముల వంటివి ఇచ్చట వెలయవలెనని తేల్చెను. 1904 నాటి సహకార పరపతి సంఘముల చట్టమునకు ఆ నివేదిక దారి తీసినది.

మరల నూరు రూపాయల లెక్కకు వత్తము. అదే అప్పును, అదే రెండు రూపాయల వడ్డీతో, నెలకు మూడు రూపాయల వంతున తీర్చుచు పోయినచో ఎన్నాళ్లు పట్టును? ఏబదియారు నెలలు. అయిదేండ్లయినను నిండవు. మొత్తము చెల్లించునది 167 రూపాయలకు మించదు. అయిదు వందల ఎనిమిదికిని నూట అరువదియేడునకును గల భేదము నెలకు మూడు రూపాయలు! వడ్డీ అన్యాయమైనదే యైనను, దానిని గెలుచు మార్గము లెక్కలో కలదు. మరి రైతు ఆ మూడు రూపాయలు ఏల చెల్లింపలేదు? దుబారా చేసెననియు, పెండ్లిండ్లకు తగులబెట్టెననియు పెద్దలు పలుమారు వ్రాసిరి. అది కొంత నిజమే గాని, అసలు కారణము వేరొకటి. రైతు ఇంటికి నెలయనునది లేదు. ఏడాదికొక పంట, పంట కళ్లమునకు రాగానే శిస్తు, కూలి, విత్తనపు బాకీ, షావుకారు, అందరును ఒక్కనాడే వత్తురు. తక్కిన పదునొకండు నెలలు చేతిలో డబ్బాడదు. నెలనెలకు డబ్బు పుట్టించునవి పాడి, నెయ్యి, వడ్లు దంచు కూలి, చాపల అల్లిక, నూలు వడకుట వంటివి. ఇవన్నియు స్త్రీల చేతిలోనివి. అందుచేతనే అప్పు తీరిన ఇండ్లను వెదకినచో అచ్చట తరచుగా ఒక పాడిగేదెయో, ఒక రోకలియో కనబడును.

కళింగాంధ్రమున ఈ నెలసరి రాబడికై మనుష్యులే సముద్రము దాటిరి. విశాఖపట్టణము, కాకినాడ రేవులనుండి వేలకొలది కూలీలు రంగూనుకు పోయి రేవులోను బియ్యపు మరలలోను పని చేసిరి. అందు విషాదమేమన, ఇంటి అప్పు తీర్పబోవువాడు మేస్త్రీ యిచ్చిన బయానాతో ముందుగా మరియొక అప్పులో దిగవలసియుండెను. అది తీరిన పిమ్మటనే ఇంటికి మనియార్డరు. 1930 మే మాసమున రంగూను రేవులో తెలుగు కూలీలకును బర్మీయులకును జరిగిన ఘర్షణలలో అనేకులు హతులైరి. 1942లో జపానువారి దండయాత్ర ఆ దారినే మూసివేసెను. ఆ యేడు శ్రీకాకుళపు సీమలో ఎన్ని ఇండ్లలో తపాలా బంట్రోతు రాక నిలిచెనో ఏ కాగితమునను లేదు.

మా అమ్మమ్మగారింటి అప్పునకు వత్తును. 1929లో మాంద్యము ప్రపంచమును క్రమ్మెను. కొలది యేండ్లలో ధాన్యపు ధర సగమునకు పడిపోయెను. వడ్లు అమ్మి అప్పు తీర్పవలసినవాడు అదే రూపాయికి రెండింతలు వడ్లు కొలువవలసివచ్చెను. చెన్నరాష్ట్రపు రైతుల ఋణభారము 1935లో సత్యనాథన్‌గారి విచారణలో దాదాపు రెండు వందల కోట్లని తేలెను. మా తాతగారి కాగితము 1929, 1932, 1935లలో మూడుమార్లు తిరుగవ్రాయబడి, నాలుగు వందలు ఎనిమిది వందలు దాటినది. గోడమీద రూపాయి గడులు ఏటేట పెరుగుచునే యుండెను. అవి వడ్డీలో ఒక పాలునకైనను చాలలేదు. తాతగారు ఒక వర్షకాలమున విసిగి, గోడకు సున్నము కొట్టింపుమనిరట. అమ్మమ్మ మారు పలుకక, మరునాడు మా తల్లి చేతికి బొగ్గు ఇచ్చెనట.

1938లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము మద్రాసు వ్యవసాయదారుల సహాయ చట్టమును తెచ్చెను. 1932 అక్టోబరు 1కి పూర్వపు అప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలిచియున్న వడ్డీ యంతయు రద్దు. అసలునకు రెండింతలు అదివరకే చెల్లించియున్నచో అప్పే రద్దు. ఎన్నిమార్లు తిరుగవ్రాసినను, మొట్టమొదట పుచ్చుకొన్న పైకమే అసలు. మా తాతగారు ఈ వార్త విని ఆనందముతో ఇంటికి వచ్చిరి. అంతట ఒక చిక్కు వచ్చిపడినది. చెల్లించినదానికి రుజువేది? కాగితపు వెనుకభాగమున సంతకముతో చెల్లు వేసినవి రెండో మూడో. తక్కినవి చేతికిచ్చినవి, నోటిమాటగా జమపడినవి. గోడను పెకలించి కోర్టునకు కొనిపోవుట యెట్లు? పదునొకండేండ్ల గీతలు సాక్ష్యమునకు పనికిరావయ్యెను.

పనికివచ్చినది మరియొకటి. 1929లో క్రొత్త కాగితము వ్రాసినపుడు షావుకారు తిరిగి యిచ్చిన 1926 నాటి పాత కాగితమును అమ్మమ్మ పొయ్యిలో పెట్టక చీరెల అడుగున దాచియుండెను. ఆమెకు చదువు రాదు. ఎందులకు దాచితివని అడుగగా, మన సంతకమున్న కాగితమును మనమెందులకు కాల్చుకొనవలెనని యనెనట. ఆ కాగితముతో అసలు నాలుగు వందలని తేలెను. అసలు తీరలేదు గనుక అది మాత్రము మిగిలెను. చట్టము మా ఇంటిని ఉద్ధరించెనని మా తాతగారు కడపటివరకు చెప్పుచుండిరి. కాదనుటకు నాకు ఆధారము లేదు. కాని చట్టము వచ్చునాటికి భూమి అమ్ముడుపోకుండ నిలిపినది ఏది? షావుకారు దావాకు పోకుండ పదునొకండేండ్లు ఓపిక పట్టుటకు ఆ కొద్దిపాటి చెల్లింపులే కారణమని నా నమ్మకము.

గోడయే పనికిరాని ఇండ్లును కలవు. నిజాము రాజ్యమున తెలంగాణపు పల్లెలలో పేదవాడు కరవుదినములలో దొర గాదెనుండి వడ్లు తెచ్చుకొన్నచో, పంటనాటికి ఒకటికి ఒకటిన్నర కొలువవలెను; దానిని నాగు అనిరి. అంతకన్న దుర్భరమైనది భగేలా. చేసిన అప్పునకు బదులు మనిషి దొర ఇంట చాకిరికి కుదురును. ఆ చాకిరి వడ్డీక్రింద పోవును. అసలు అట్లే యుండి కుమారునికి సంక్రమించును. దినమంతయు దొరదైనపుడు ఆ ఇంట మిగులునది యేమి, గీత గీయుటకు? 1936లో హైదరాబాదు ప్రభుత్వము దీనిని అదుపు చేయుటకు ఒక శాసనము చేసెను గాని ఆచరణలో ఫలము స్వల్పము. దేశమంతట వెట్టి కట్టుబానిసత్వమును నిషేధించిన చట్టము 1976లో గాని రాలేదు.

సహకార సంఘములు పుట్టి అర్ధశతాబ్దమైన పిమ్మట, 1951–52లో రిజర్వు బ్యాంకు జరిపించిన గ్రామీణ పరపతి పరిశీలనలో తేలినదేమన, రైతు తెచ్చుకొను అప్పులో ఆ సంఘముల పాలు నూటికి మూడు మాత్రమే. డెబ్బదివంతులు వడ్డీవ్యాపారులవే. నికల్సను నివేదికలు అల్మారాలలో భద్రముగా ఉండెను.

అటుపిమ్మట నలుబదియేండ్లకు నెల్లూరు జిల్లాలో, అక్షరాస్యతా కేంద్రములలో చేరిన స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1992లో దూబగుంట పేరు రాష్ట్రమంతట మారుమ్రోగెను. 1993 అక్టోబరు 1న రాష్ట్రమున సారా నిషిద్ధమయ్యెను. సారాకు పోకుండ మిగిలిన డబ్బును రోజునకొక రూపాయి వంతున కూడబెట్టుటయే పొదుపులక్ష్మి ఉద్యమము. అణా గీత రూపాయి గీతయై, గోడమీదనుండి బ్యాంకు పుస్తకములోనికి ఎక్కెను. ఆ పుస్తకముమీద పేరు ఆమెదే. ఇది చిన్న సంగతి కాదు; సాక్ష్యమునకు నిలుచు లెక్క ఆమె చేతికి వచ్చుట అదియే మొదలు.

కాని పేరు కాగితమెక్కినచో దానివెంట బాధ్యతయు ఎక్కును. ఆ సంఘములనే చూచి సూక్ష్మఋణ సంస్థలు పల్లెలకు వచ్చెను. చిన్నచిన్న వాయిదాలు స్త్రీ తనకు తాను ఏర్పరచుకొన్న సాధనము. అది వారపు కిస్తీయను పేర అప్పిచ్చువాని సాధనమయ్యెను. ఒక కిస్తీకై మరియొకచోట అప్పు. తోటి సభ్యురాండ్రే వాకిట నిలిచి అడుగుట. ఆత్మహత్యల వార్తలు వెలువడగా 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అత్యవసర శాసనము చేసి, వసూళ్లు ఇంటి వాకిట గాక గ్రామ పంచాయతి కార్యాలయము వంటి బహిరంగ స్థలమున జరుగవలెనని విధించెను. మా అమ్మమ్మ గీత దీపావళినాడు ఆగెడిది. వారపు కిస్తీకి దీపావళి లేదు.

ఆమె అప్పు 1941లో పాలవల్లను పంటవల్లను తీరెను. ఆ సంక్రాంతికి సావిడి గోడకు సున్నము వేయించిరి. ఇంటిల్లిపాదియు సంతోషముగా ఉండగా, గీతలన్నియు పోయినవని మా తల్లి యొక్కతెయే కూర్చుండి ఏడ్చెనట.