మికి పట్టణపు మడతకత్తి

జపాను దేశమున కోబె రేవుపట్టణమునకు వాయవ్యముగా, పూర్వము హరిమ యని పిలువబడిన సీమలో, మికి యను చిన్న పట్టణము కలదు. ఉలులు, రంపములు, చిత్రికలు, తాపీలు మొదలైన ఉక్కు పనిముట్లు తరతరములుగా అచ్చట తయారగుచుండుటచే, ఆ దేశపు వడ్రంగులలో దాని పేరు విననివారు అరుదు. ఆ పెద్ద పనిముట్ల ప్రఖ్యాతి నీడలో పుట్టి, బడిపిల్లవాని జేబులో నిముడునంత చిన్నదై, వాని చేతి డబ్బులకు అందునంత చవుకయై, దాదాపు డెబ్బది సంవత్సరములు దేశమంతట వ్యాపించిన మడతకత్తి యొకటి కలదు. దాని పేరు హిగో నో కామి. రాజుల ఖడ్గములకు ప్రదర్శనశాలలును, వాని చరిత్రలు వ్రాయుటకు పండితులును లభించిరి గాని, కోట్లకొలది జనులు ప్రతిదినము వాడుకొనిన ఈ కత్తినిగూర్చి వ్రాసినవారు తక్కువ. ఇంత తక్కువ వెలకు ఇంత మేలైన వాదర ఎట్లు సాధ్యమయ్యెనో విచారించుట ఆ పట్టణపు విద్యను విచారించుటయే యని నా యభిప్రాయము.

ఆ విద్యకు మూలము ఒక దారుణమైన ముట్టడి. 1578వ సంవత్సరమున ఓద నొబునగ యను యుద్ధప్రభువు పక్షమున సేనానియై వచ్చిన హిదెయోషి మికి కోటను చుట్టుముట్టి, ధాన్యము లోనికి చేరు మార్గముల నన్నిటిని మూసివేసి, దాదాపు రెండేండ్లు కాచియుండెను. లోపలివారు ఆకలిచే కృశించి, గుఱ్ఱములను సైతము చంపి తిని, ఇక నిలువజాలని దశకు వచ్చినపుడు, కోటకధిపతియైన బెష్షో నగహరు తనవారి ప్రాణములకై తన ప్రాణమిచ్చి 1580 ఆరంభమున కోట నప్పగించెను. పాడువడిన పట్టణమును మరల నిలుపగోరి హిదెయోషి పన్నులు తొలగించి, చెదరిపోయిన జనులను రప్పింపగా, ఇండ్లు కట్టుటకు వడ్రంగులును, వారికి పనిముట్లు చేసియిచ్చుటకు కమ్మరులును వచ్చి చేరిరి. ఇండ్లు లేచిన పిమ్మట కూడ కొలుములు ఆఱలేదు. వడ్రంగులు పనులు వెదకుకొనుచు దూరసీమలకు పోయి, మికి ఉలుల గొప్పతనమును తమ చేతిపనితోనే చాటిరి; కమ్మరుల సరకును కొని దేశమంతట అమ్ము టోకు వర్తకులు క్రమముగా పట్టణమున స్థిరపడిరి.

1876లో మెయిజి ప్రభుత్వము ఖడ్గధారణమును నిషేధించెననియు, అందుచే జీవనోపాధి కోల్పోయిన ఖడ్గకారులు జేబుకత్తులు చేయ మొదలిడగా హిగో నో కామి పుట్టెననియు చెప్పు కథ యొకటి కలదు. వినుటకు ఇంపైనదే గాని అది నాకు సమ్మతము కాదు. మికి కమ్మరి వడ్రంగులకు ఆప్తుడు, యోధులకు కాడు. మెత్తని ఇనుమునకు గట్టి ఉక్కును కొలిమిలో అతికి ఉలి చేయుటలో అతని చేయి తిరిగియుండెను; చిన్నకత్తికి కావలసిన విద్య అంతయు అందే యున్నది. శ్రమజీవుల పనిముట్టునకు గౌరవము కలిగింపగోరి దానికొక ఖడ్గమును తాతగా కల్పింప నవసరము లేదు. ఉలి దానికి చాలినంత గొప్ప పూర్వుడు.

కత్తి పుట్టుటకు అసలైన ప్రేరణ బడులనుండి వచ్చెనని తలంచుట న్యాయము. మెయిజి ప్రభుత్వము 1872లో దేశమంతటికి విద్యాశాసనమును ప్రకటించెను. 1887లో టోక్యోలో స్వదేశపు పెన్సిళ్ల తయారీ ఆరంభమయ్యెను. కుంచెతో వ్రాయుచుండిన చేతులకు క్రమముగా పెన్సిలు అలవడెను. కుంచెకు లేని అవసరమొకటి పెన్సిలునకు కలదు: దానిని చెక్కవలెను. తాటాకుపై వ్రాసిన మన దక్షిణదేశపు లేఖకులు సైతము ఘంటముతోపాటు ఆకును సవరించుటకు చిన్నకత్తి నొకదానిని ఉంచుకొనెడివారు; రెండును ఒకే పిడిలోనికి మడిచిన ఘంటములు కూడ ఉండెడివి. వ్రాతకు కత్తి తోడగుట ఏ దేశమునందును క్రొత్త కాదు.

1890ల మధ్యకాలమున షిగెమత్సు తసబురో యను మికి టోకు వర్తకుడు దక్షిణపు క్యూషు ద్వీపమునుండి ఒక చిన్నకత్తిని తెచ్చి, ముర‌కామి తెయిజి యను కమ్మరికి చూపి, దానిని సవరించి మాదిరి యొకటి చేయుమని కోరెను. అట్లు చేసిన కత్తులు తొలుత క్యూషులోనే ఎక్కువగా అమ్ముడుపోయెను గనుక, అచ్చటి కుమమోతో ప్రాంతపు పూర్వనామమైన హిగోను పట్టి, హిగో ప్రభువు అను అర్థము వచ్చునట్లు దానికి పేరు పెట్టిరి. 1899లో మికియందలి హిరత వీధి కత్తుల తయారీదారులు ఒక సంఘముగా ఏర్పడిరి. ఆ పేరు పిమ్మట సంఘపు వ్యాపారచిహ్నముగా నమోదై, సభ్యులు తప్ప అన్యులు దానిని పిడిపై ముద్రింపరాదను కట్టుబాటు నిలిచెను. ఈ కట్టుబాటును నేను మిక్కిలి ముఖ్యమైనదిగా ఎంచుచున్నాను. ధనికుడు తెలిసిన పనివానిని ఇంటికి పిలిపించి పని చేయించుకొనగలడు; నాలుగు డబ్బులు పట్టుకొని అంగడికి పోయిన పేదవానికి ఉక్కు మంచి చెడ్డలు తెలియు మార్గమేది? పిడిమీది ఆ యక్షరములే అతనికి పూచీ.

ఇక కత్తి నిర్మాణము. దీనియందున్నవి నాలుగే భాగములు: అలుగు, పిడి, శీల, శీలకు చుట్టు వేయు పట్టీ. పిడి యనగా దంతము కాదు, కొమ్ము కాదు, చెక్క కాదు. ఒక్క రేకును, ఇనుపదో ఇత్తడిదో, నడుమ మడిచి దొన్నెవలె చేసినది. స్ప్రింగు లేదు, తెఱచిన అలుగును నిలిపియుంచు బీగము లేదు. అలుగు మొదట తోకవలె వెనుకకు పొడుచుకొనివచ్చిన చిన్న భాగమొకటి కలదు; దానిని చికిరి యందురు. బొటనవ్రేలితో చికిరిని నొక్కినచో అలుగు పిడినుండి లేచును. తెఱచిన పిదప ఆ చికిరి పిడి వీపుపై ఆని నిలుచును. పని చేయునంతసేపు దానిపై వ్రేలుంచవలెను, లేనిచో అలుగు మడతపడవచ్చును. కత్తి పట్టినవాడు ఏమఱియుండుటకు వీలులేని యీ యేర్పాటును లోపమనువారు కలరు. బాలునిచేత ఏకాగ్రతను అలవఱపించు సాధనముగా నేను దీనిని గణింతును.

ఇట్లు పిడియందు మిగిల్చిన వ్యయమంతయు అలుగునకు పెట్టిరి. మేలురకపు అలుగును అడ్డముగా కోసి చూచినచో, నడుమ గట్టి ఉక్కు, ఇరుప్రక్కల మెత్తని ఇనుము కనిపించును. ఇనుమును చీల్చి నడుమ ఉక్కును ఇఱికించి అతుకు ఈ పద్ధతికి వరికోమి యని పేరు. ఉక్కు వాదర నిచ్చును, ఇనుము విఱుగకుండ కాచును. ఖరీదైన ఉక్కు కొంచెమే పట్టును. సానరాయిపై అఱుగదీయవలసిన భాగములో అధికము మెత్తని ఇనుమే గనుక పిల్లవాడు సైతము స్వయముగా పదును పెట్టుకొనగలడు. షిమనే సీమయందలి యసుగిలో తయారగు ఉక్కులకు చుట్టు కాగితపు రంగునుబట్టి తెల్లకాగితపు ఉక్కు, నీలికాగితపు ఉక్కు అని పేర్లు. రెండవదానియందు క్రోమియము, టంగ్‌స్టను కొంచెము చేరుటచే పదును ఎక్కువకాలము నిలుచును. రెండును తడి తగిలిన తుప్పు పట్టునవే. పండు కోసిన పిదప తుడిచి, నూనె చేయి రాచి పెట్టనివానికి ఈ కత్తి తగదు.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత పదునైదేండ్ల కాలము దీనికి మహోన్నత దశ. పెన్సిలు చెక్కుట దీని నిత్యకృత్యము. బడి విడిచిన పిమ్మట వెదురు చీల్చి గాలిలో నెగురు తూనీగ బొమ్మలు చేయుట, గాలిపటపు పుల్లలు నునుపు చేయుట, పండ్ల తొక్క తీయుట దీని తక్కిన పనులు. వ్రేలు తెగినవాడు నోట పెట్టుకొని చీకుచు, ఈసారి కత్తిని ఏ వైపునకు నడుపవలెనో తెలిసికొనెడివాడు.

1960 అక్టోబరు 12న టోక్యోలోని హిబియ సభామందిరమున సమాజవాదపక్ష నాయకుడు అసనుమ ఇనెజిరో ఉపన్యసించుచుండగా, పదునేడేండ్ల యువకుడొకడు వేదికపైకి ఉఱికి, వేలాది జనుల యెదుట ఆయనను పొడిచి చంపెను. టెలివిజనులో ఆ దృశ్యమును చూచిన దేశము తల్లడిల్లిపోయెను. పిల్లలకు కత్తి ఇయ్యరాదను ఉద్యమము ఊరూర సాగెను. పాఠశాలలు కత్తులను నిషేధించెను. అంగళ్లు తెప్పించుట మానెను. ఆ ఘాతుకమునకు వాడబడినది పొట్టి ఖడ్గము, జేబుకత్తి కాదు. పెన్సిలు చెక్కు పనిముట్టు మరియొక ఆయుధము చేసిన పాపమునకు శిక్ష ననుభవించెను. భయపడిన తల్లిదండ్రులను నేను నిందింపను. కాని ఆ భయమునకు బలియైన హిరత వీధి కొలుములను తలంచినపుడు మనస్సు కలుక్కుమనక మానదు.

దీనికి తోడు మఱి రెండు కారణములు కలిసెను. పిడి త్రిప్పి పెన్సిలు చెక్కు యంత్రములు, వెనువెంట విద్యుత్తుతో నడుచునవి, బడులలోను ఇండ్లలోను వెలసెను. 1956లో ఒసాకలో ఒకద యోషియో, గాజుపెంకుల అంచులను, చాకొలెట్టు బిళ్లల గీతలను చూచి ఊహించి, మొద్దుబాఱిన కొనను విఱిచివేసి క్రొత్త కొనను వాడుకొను కత్తిని కల్పించెను. ఓల్ఫా యను పేర అది లోకమంతట వ్యాపించెను. అది నిజముగా గొప్ప కల్పనయే. సానరాయితో పని లేకపోయిన తరువాత, సాన పట్టుట యను విద్య సామాన్యుని యింటినుండి తొలగిపోయెను. మికి తయారీదారులు ఒకరి తరువాత ఒకరు కొలుములు ఆర్పివేయగా, సంఘమున తుదకు మిగిలినది నగవొ వారి కర్మశాల యొక్కటే; 1894 నాటి ఆ యింటివారికే నేడు ఆ పేరు ముద్రించు హక్కు నిలిచియున్నది. నగానో ప్రాంతమున ఇకెద యను ఊరి ప్రాథమిక పాఠశాల యొకటి మాత్రము 1980ల నుండి తన పిల్లలచేత ఈ కత్తితోనే పెన్సిళ్లు చెక్కించుచున్నది.

ఇప్పటికిని ఇది చవుక కత్తియే. సామాన్యరకమునకును నీలికాగితపు ఉక్కు రకమునకును వెలలో భేదము స్వల్పము. ఆ స్వల్పమును భరించుట మేలు. పోలికగల ముద్రలతో వచ్చు అనుకరణములు అనేకము గనుక పిడిమీది అక్షరములను పోల్చి చూచికొనవలెను. జపానులో నిత్యము వెంట తీసికొనిపోవువారు పొడవును గమనింపవలసియుండును: ఆరు సెంటీమీటరులు మించిన అలుగును తగిన కారణము లేక ధరించుట అచ్చటి శాసనమునకు విరుద్ధము, బీగము లేని మడతకత్తికి మాత్రము, వెడల్పు, మందము పరిమితిలో నున్నచో, ఎనిమిది సెంటీమీటరుల వఱకు ఆ నిషేధము తగులదు. అంతకు లోబడినను, కారణము లేకుండ దాచి తిరుగుటను మఱియొక చట్టము వారించుచున్నది. కొనునపుడు అలుగును సగము తెఱచి పిడిని క్రిందుగా త్రిప్పి చూడవలెను. అలుగు తనంత జాఱినచో శీల వదులుగా నున్నదని యర్థము. అందుకు కత్తిని తిరిగి యిచ్చివేయ నక్కరలేదు. గట్టి యినుముపై నుంచి శీల తలను చిన్న సుత్తితో రెండు దెబ్బలు మెల్లగా కొట్టిన బిగిసికొనును.