మోటుపల్లి యభయశాసనము – దేశాంతరవాణిజ్య పరిశోధనము

దేశాంతరవాణిజ్యమును గూర్చి పాశ్చాత్య విద్యాపీఠములలో నొక ప్రత్యేకశాస్త్రము పెరిగినది. పెక్కు దేశములలో వ్యాపారము చేయు సంస్థ లేల పుట్టును, ఎట్లు వ్యాపించును అనునది యందలి ముఖ్యవిచారము. 2002వ సంవత్సరమునఁ బీటరు బక్లీ యను పండితుఁడు, ఆ శాస్త్రమున కిఁకమీఁద విచారింపఁదగిన మహావిషయ మేమైన మిగిలియున్నదా యని ప్రశ్నించెను. మన సంఘమునందలి యువకులు పలువు రా విద్యనే యభ్యసించుచున్నారు గాన నీ ప్రశ్న మనకుఁ బరాయిది కాదు. మోటుపల్లి రేవునందలి యొక శిలాశాసనము దీనికిఁ గొంత సమాధాన మీయఁగలదని నా తలంపు.

నేఁటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లియందు 1244వ సంవత్సరమునఁ గాకతీయ గణపతిదేవుఁ డా శాసనమును వేయించెను. అంతకు మున్ను గాలివానకుఁ జిక్కి యోడ యొకటి దారితప్పి యే రేవునఁ దగిలినను, అందలి బంగారము, ఏనుఁగులు, గుఱ్ఱములు, రత్నములు మున్నగువాని నెల్ల రాజులు బలాత్కారముగాఁ గైకొనుచుండిరి. గణపతిదేవుఁడు సముద్రయానమునకుఁ దెగించిన వణిజులపై దయఁదలఁచి, నిర్ణీతశుల్కము దప్ప మఱేమియుఁ దీసికొనమని యభయ మిచ్చెను. ఆ శుల్కము ముప్పదింట నొకపాలు. అమరకోశమున నోడవర్తకునకు సాంయాత్రికుఁడని పేరు; కూడి యాత్ర చేయువాఁడని భావము. అట్టి వానికిఁ గావలసినది పన్ను లేకపోవుట కాదు, పన్ను ముందుగాఁ దెలియుట. ఈ రహస్యమును గ్రహించిన రాజు మనకుండెను. ఆ శతాబ్దాంతమున నీ తీరమును వర్ణించిన మార్కోపోలో, యిచటి బట్టల సన్నఁదనమును సాలెగూటితోఁ బోల్చెను. కాకతీయరాజ్యము 1323లో నంతరించినది. 1358లోఁ గొండవీటి యనపోతారెడ్డి యదే రేవున మఱల నభయశాసనము వేయించెను. రాతియందలి యక్షరములు చెడకున్నను, ఆ మాట చెల్లుటకు రాజు కావలసియుండెను.

శ్రీనాథుని హరవిలాసము అవచి తిప్పయసెట్టి కంకితము. ఆ యవతారికలో సింహళపు టేనుఁగులు, హురుముంజి గుఱ్ఱములు, పంజారు కర్పూరము పేర్కొనఁబడినవి. హురుముంజి పారసీకసముద్రపు ముఖద్వారమందలి హోర్ముజు. పంజారు సుమత్రాదీవిలోని పన్సూరు, అనఁగా బారుసు, అని విద్వాంసుల యూహ. ఆ బారుసు చెంతనే 1088వ సంవత్సరపుఁ దమిళశాసన మొకటి దొరకినది. అది అయినూట్రువరను వణిక్‌సంఘమువారిది. కావ్యమును గవి కల్పనయని త్రోసివేయువారు ఈ రెంటిని జేర్చి చదువవలెను.

పిదప కంపెనీలు వచ్చినవి. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను మచిలీపట్టణము చేరిరి. అట్టి కంపెనీలే నేఁటి బహుదేశసంస్థలకుఁ బూర్వరూపములని యాన్ కార్లోసు, స్టీఫెన్ నికొలాసు అనువారు 1988లో వాదించిరి. కావచ్చును. అయినను కంపెనీలయొద్ద ముందుగా సొమ్ము గైకొని, నేఁతగాండ్రకుఁ బంచి, బట్టలు సేకరించి యిచ్చినవారు మన వర్తకులు. వారి మాట హేగు నగరమందలి డచ్చి కాగితములలోఁ బరభాషలో మాత్రమే వినఁబడుచున్నది. అరసరత్నముగారు 1986లోను, సంజయ సుబ్రహ్మణ్యముగారు 1990లోను బ్రకటించిన గ్రంథములలో నట్టి కాగితములనుండియే మన తీరమువారి చరిత్రమును వెలికిఁదీసిరి. వారి శ్రమ శ్లాఘ్యము. కాని, అవతలివాని దస్తావేజులు మాత్రమే చూచి తీర్పు చెప్పవలసివచ్చిన న్యాయాధిపతి స్థితి వారిది.

ఇవతలివాని దస్తావేజులేవి? అటుకలమీఁదఁ జెదలు పట్టుచున్న చిట్టా, ఆవర్జా పుస్తకములే. నేను బడిపంతులుగా నున్న యొక యూర, ఇల్లు పడఁగొట్టునపుడు రెండుబండ్ల లెక్కపుస్తకములను దూకమునకు నమ్మివేసిరి. అందు రంగూను బియ్యపు లెక్క లుండెనని తరువాత వింటిని. బక్లీగారు వెదకుచున్న మహావిషయములలోఁ గొన్ని యా బండ్లలోఁ బోయినవనియే నే ననుకొందును. ఓడ మునిఁగినపుడు నష్ట మెవరు భరించిరి, హుండీపై వట్ట మెంత, చెప్పినమాట తప్పినవానిని వర్తకు లెట్లు దండించిరి అను సంగతులు ఏ కంపెనీ లేఖలోను సమగ్రముగా దొరకవు.

కావున ఈ సభకు విచ్చేసిన గృహస్థులకు నా విన్నపము. 1947కుఁ బూర్వపు లెక్కపుస్తకము లింటనున్నవారు వాని నమ్మకముందు సంఘమునకు జాబు వ్రాయుఁడు. పుటల కెల్ల ఛాయాచిత్రములు దీయించి, పుస్తకములను మఱల మీ యింటికే చేర్చుటకగు వ్యయమును సంఘపోషకులు భరింపవలయును. గొలుసుకట్టు వ్రాఁతను జదువుటకు నావంటి వృద్ధు లింకను గొందఱు గలరు.