అంకె ఎక్కడిది?

1922 సెప్టెంబరు 24. దామనపల్లి ఘాటు. స్కాట్ కవార్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు బలగంతో కొండ ఎక్కుతున్నారు. ముందు నడిచిన దేశీయ సిపాయిలను అల్లూరి సీతారామరాజు మనుషులు ఏమీ చేయకుండా పోనిచ్చారు. అధికారులు దగ్గరికి వచ్చాకే తూటాలు పేలాయి, ఇద్దరూ కూలారు. అప్పటికి నెల రోజుల కిందటే వరసగా మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల తుపాకులు మన్యం చేతికి వచ్చాయి. ఆ తర్వాత మలబారు పోలీసులు, అస్సాం రైఫిల్స్ దిగినా పితూరీని అణచడానికి 1924 మే దాకా పట్టింది. సర్కారుకు మనుషులూ మందుగుండూ తక్కువై కాదు. ఏ వాగు ఎక్కడ దాటాలో, ఏ గట్టు మీద నిలబడితే ఏ దారి కనిపిస్తుందో తెలిసినవాళ్ళు గాం గంటందొర, మల్లుదొరల పక్షాన ఉన్నారు.

గూడెం కొత్తవీధి చుట్టుపక్కల ఈ కథ ఎరగనివాళ్ళు లేరు. దీన్ని ఇంకో కోణంలోంచి చూడాలని నాకు చాలాకాలంగా ఉంది. సేనకు పంపే నివేదికలో ‘ఏమిటి’ అన్నదానికంటే ‘ఎక్కడ’ అన్నది ముఖ్యం. ఆ ‘ఎక్కడ’ ఒక్క గట్టు అటో ఇటో అయితే తక్కినదంతా వృథా. కంటికి కనిపించని, వాసన లేని రేడియేషన్ విషయంలో ఇది మరీ నిజం.

సీతారామరాజు పూర్వీకుల ఊరు భీమవరం దగ్గరి మోగల్లు. 1914లో అదే ఊళ్ళో అయ్యగారి సాంబశివరావు పుట్టారు. హోమీ భాభా దగ్గర చేరి, మన అణుశక్తి కేంద్రానికి కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలను ఇక్కడే తయారు చేయించిన మనిషి. 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్ అనే ఎలక్ట్రానిక్స్ సంస్థ పుట్టింది ఆయన చేతుల మీదుగానే. రేడియేషన్‌ను కొలిచే యంత్రాలు ఆ సంస్థ తయారీల్లో ఒక ముఖ్య భాగం. యురేనియం, థోరియం జాడ వెతికే అణు ఖనిజ సంస్థ ప్రధాన కార్యాలయమూ హైదరాబాదే. కొలిచే పనిలో తెలుగునేలకు ఇంత అనుభవం ఉంది. కొలిచాక ఏం జరుగుతుందన్నది మాత్రం మనం పెద్దగా మాట్లాడుకోలేదు.

రేడియేషన్‌ను పైనుంచి కొలిచే హెలికాప్టరులో సోడియం అయోడైడ్ స్ఫటికాల పెట్టె ఒకటి ఉంటుంది. గామా కిరణం తగిలినప్పుడల్లా అది మెరుస్తుంది, యంత్రం ఆ మెరుపుల్ని లెక్కిస్తుంది. సెకనుకోసారి ఆ లెక్క, దాని పక్కన జీపీఎస్ చెప్పిన అక్షాంశ రేఖాంశాలు, నేల నుంచి ఎత్తు నమోదవుతాయి. దిగాక ఆ పట్టిక సాఫ్ట్‌వేర్‌లోకి వెళుతుంది. మొదట ఆకాశం నుంచి వచ్చే కిరణాల్ని, గాలిలోని రేడాన్‌ని తీసేస్తారు. ఎత్తుకు తగ్గట్టు లెక్క సరిచేసి, నేలకు ఒక మీటరు ఎత్తున నిలబడ్డ మనిషికి గంటకు ఎంత తగులుతుందో తేలుస్తారు. ఆ తర్వాత కొలిచిన బిందువుల మధ్య ఖాళీలను అంచనాతో నింపి, సమానమైన చోట్లను గీతలతో కలుపుతారు. అప్పుడు రంగుల పటం వస్తుంది.

తూర్పు కనుమల్లో ఒక చిక్కుంది. ఇక్కడి ఖొండలైటు, చార్నొకైటు రాళ్ళలో సహజంగానే కొంత థోరియం ఉంటుంది. ఈ కొండలు అరిగి ఏళ్ళూ పూళ్ళూ వాగుల్లో కొట్టుకుపోయిన ఖనిజమే భీమిలి తీరపు ఇసుకలో మోనజైటుగా చేరింది. ఏ ప్రమాదమూ జరగనప్పుడే కొండ కొండకూ లెక్క తేడాగా ఉంటుందన్నమాట. ముందే మామూలు స్థాయి కొలిచి పెట్టుకోకపోతే, రేపు కనిపించే అంకెలో రాయి వాటా ఎంతో, బయటి నుంచి వచ్చి పడ్డది ఎంతో విడదీయడం కష్టం.

సైన్యానికి రంగుల పటం ఒక్కటే చాలదు. నాటో దేశాల పద్ధతిలో ఈ నివేదికలు ఆరు రకాలు. మొదటిది కళ్ళారా చూసినవాడి కబురు, రెండోది దాన్ని సరిచూసిన లెక్క. మూడోది గాలివాటును బట్టి ముందుగా ఇచ్చే హెచ్చరిక. నాలుగోది నేల మీద కొలిచిన అంకెలు, ఐదోది నిజంగా కలుషితమైన ప్రాంతపు హద్దు, ఆరోది వివరమైన సమాచారం. సాఫ్ట్‌వేర్ పని ముఖ్యంగా నాలుగో దాన్ని ఐదోదిగా మార్చడం. వేరువేరు వేళల్లో తీసిన కొలతల్ని పేలుడు జరిగిన గంట తర్వాతి స్థాయికి సరిచేసి పక్కపక్కన పెడుతుంది. బాంబు ధూళికి ఒక మోటు లెక్కుంది: కాలం ఏడు రెట్లయితే తీవ్రత పదోవంతుకు పడిపోతుంది. ఏడు గంటలకు పదోవంతు, నలభైతొమ్మిది గంటలకు నూరోవంతు. రియాక్టరు ప్రమాదానికి ఈ లెక్క పనికిరాదు, అక్కడ సీసియం ఏళ్ళ తరబడి నిలిచిపోతుంది.

ఇక స్థలం సంగతి. మన పాత సర్వే పటాలకు ఆధారం జార్జ్ ఎవరెస్టు 1830లో లెక్కగట్టిన భూగోళాకారం. జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్-84. రెండింటికీ పొంతన కుదర్చకుండా ఒకదాని అంకెను ఇంకోదాని పటం మీద పెడితే బిందువు వంద, రెండు వందల మీటర్లు పక్కకు జరుగుతుంది. మైదానంలో అది ఒక పొలం తేడా. గూడెం కొండల్లో అదే తేడా వాగుకు అవతలి గట్టు కావచ్చు. 2005 జాతీయ పటాల విధానం సైన్యానికి ఒక వరస, ప్రజలకు ఒక వరస పటాలను విడదీసి, ప్రజల పటాలను డబ్ల్యూజీఎస్-84 మీదికి తెచ్చింది. సైనిక గ్రిడ్డులో గూడెం పడేది 44 క్యూ గడిలో. నివేదిక పంపేవాడూ అందుకునేవాడూ ఏ ఆధారం మీద మాట్లాడుతున్నారో మొదటి వరసలోనే రాయాలి.

పటం ఉండీ మనుషులకు అందకపోతే ఏమవుతుందో 2011లో ఫుకుషిమా అణు ప్రమాదం చూపించింది. గాలివాటును ముందే లెక్కగట్టే స్పీడీ అనే వ్యవస్థ జపాను దగ్గర ఉంది. దాని ఫలితాలు మొదట్లో ఊళ్ళకు చేరలేదు. నమియె పట్టణవాసులు కొందరు తలదాచుకోవడానికి వెళ్ళిన త్సుషిమా వైపే రేడియోధార్మిక ధూళీ వెళ్ళింది. మార్చి 17 నుంచి అమెరికా విమానాలు కొలిచాయి. వాయవ్య దిక్కుగా సాగిన ఒక పొడవాటి పట్టీ పటం మీద తేలింది. ఎక్కువ భాగం అణుకేంద్రం చుట్టూ గీసిన ముప్పై కిలోమీటర్ల వలయం బయటే ఉన్న ఇటాటె గ్రామాన్ని ఖాళీ చేయించాల్సిన ప్రాంతంగా ప్రకటించింది మాత్రం ఏప్రిల్ 22న. వృత్తలేఖినితో గీసిన వలయాన్ని గాలి లెక్కచేయదు. చెర్నోబిల్ తర్వాత కూడా రెండు వందల కిలోమీటర్ల అవతల, బెలారుస్‌లో గాఢమైన మచ్చలు బయటపడ్డాయి.

మన దగ్గర అలాంటిది జరగాలని ఎవరూ కోరుకోరు. కానీ విశాఖలో 2009 జులై 26న అణు జలాంతర్గామి అరిహంత్ జలప్రవేశం చేసింది. గూడెం అక్కడికి నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరం. కొలత పద్ధతి ఇక్కడా సిద్ధంగా ఉండాలని అనడం భయపెట్టడం కాదు. నా అభ్యంతరం రంగుల పటాల మీద ఒక్కటే: కొలిచిన చోటూ అంచనాతో నింపిన చోటూ ఒకే రంగులో కనిపిస్తాయి. హెలికాప్టరు ఎగరని లోయ కూడా పటంలో పచ్చగానే ఉండొచ్చు. నివేదిక మీద ఎగిరిన గీతలు తప్పక వేయాలి, కొలవని లోయలను ఖాళీగా వదలాలి, వాటిలోని ఊళ్ళ పేర్లు రాయాలి.

ఫుకుషిమాలో తర్వాతి కాలంలో క్యోటో విశ్వవిద్యాలయం వాళ్ళు చేసిన చిన్న యంత్రాలను ఊరి బస్సుల్లో పెట్టారు. బస్సు రోజూ తిరిగే దారంతా కొలత అవుతూ ఉంటుంది. నర్సీపట్నం నుంచి చింతపల్లి, గూడెం కొత్తవీధి మీదుగా సీలేరు దాకా మన ఆర్టీసీ బస్సూ తిరుగుతుంది. దానిలో ఒక యంత్రం పెడితే ఈ కొండల మామూలు స్థాయి ఒక ఏడాదిలో చేతికి వస్తుంది. జెర్రెల, సప్పర్ల కొండల మీద బస్సు వెళ్ళని పల్లెలకు మాత్రం యంత్రం పట్టుకుని ఎవరో నడవాలి. ఆ దారులు ఆ పల్లెల కుర్రాళ్ళకు తెలుసు.